పోపులడబ్బాలో నిద్రమాత్రలు

మొన్నామధ్య మా కాలేజీలో మత్తుమందుల మీద సభ జరిగింది. వక్తలందరూ మగపిల్లల మీదనే విరుచుకుపడ్డారు. వెనక బెంచీలలో ఆడపిల్లలు, ఈ గొడవ తమది కాదన్నట్టు ముసిముసిగా నవ్వుకున్నారు. అధ్యక్షోపన్యాసంలో నేనూ గంజాయిని నాలుగు తిట్లు తిట్టి, చప్పట్లు అందుకుని ఇంటికి వచ్చాను.

మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. అక్కయ్య తల దిమ్ముగా వున్నదని పడుకుంది. చారు నేనే పెడదామని పోపులడబ్బా తీస్తే, జీలకర్ర అడుగున మాత్రల అట్ట కనిపించింది. అల్‌ప్రజోలామ్!

బావగారు పోయినప్పటినుంచీ అక్కయ్య మా యింట్లోనే వుంటున్నది. అప్పట్లో డాక్టరు పదిహేను రోజులకు వ్రాసిన మందు అది. నాలుగేళ్ళయినా ఆ చీటీయే చూపించి కొంటున్నదట. ఒకటి రెండయింది; రెండు మూడయినవి.

"ఇదేమిటక్కయ్యా?" అన్నాను.

"నిద్రమాత్రలేరా. నేనేం తాగి తందనాలాడుతున్నానా?" అని కళ్ళొత్తుకున్నది.

గంజాయిని నిషేధించిన 1985 నాటి చట్టం కిందికే ఈ మాత్రా వస్తుంది. అయినా దానిని మత్తుమందు అని మనమెవరం అనుకోము.

2019లో కేంద్రప్రభుత్వం వెలువరించిన సర్వే ప్రకారం గంజాయి, భంగు వాడేవారు మగవారిలో నూటికి 5గురు. ఆడవారిలో వెయ్యికి 6గురు. చూడగానే సంతోషం కలుగుతుంది. కాని ఐక్యరాజ్యసమితి 2018 నివేదిక మరో సంగతి చెప్పింది: వైద్యానికి గాక మత్తుకోసం మాత్రలు వాడడంలో ప్రపంచంలో స్త్రీలు పురుషులకు తీసిపోరు. పైగా, మొదలుపెట్టడం ఆలస్యమైనా వ్యసనంలో త్వరగా కూరుకుపోతారు. 2015లో ఆ సంస్థే వేసిన లెక్కలో, మత్తుమందులు వాడేవారిలో ముగ్గురికి ఒకరు స్త్రీ. చికిత్స పొందేవారిలో మాత్రం అయిదుగురికి ఒకరే.

కారణం వెతకనక్కరలేదు. కొడుకు చెడితే స్నేహాలను తిడతాం. కూతురైతే సంబంధాలు రావని తలుపులు మూస్తాం. మత్తు మాన్పించడానికి భర్తను భార్య ఆసుపత్రికి తీసుకువెడుతుంది. భార్యను తీసుకువెళ్ళే భర్తలెందరు?

శరీరధర్మమూ వేరే. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర స్త్రీల ఒంటిలోనుంచి నెమ్మదిగా పోతుంది. తెల్లవారినా మిగిలి వుంటుంది. అందుచేత 2013లో అమెరికాలో వారి మోతాదును 10 మిల్లీగ్రాములనుంచి 5కు తగ్గించారు. ఆ మందు అక్కడ 1992లోనే అనుమతి పొందింది. ఈ తేడా పట్టించుకోవడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది!

కోపంలో నేను ఆ అట్టను పారవేయబోయాను. డాక్టరుగారు వారించారు. ఒక్కసారిగా మానిపిస్తే మూర్ఛలు రావచ్చునట. ఇప్పుడు ఆయన చెప్పిన లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గిస్తున్నాం. అక్కయ్యకు నిద్ర పట్టని రాత్రి నేనూ లేచి కూర్చుంటున్నాను. బావగారి కబుర్లు చెబుతుంది. నాలుగేళ్ళుగా మేమెవరం అడగని కబుర్లు!

వచ్చే సభలో వెనక బెంచీల వైపు చూసి కూడా మాట్లాడతాను.