చప్పట్లు ఆగాక సిస్టర్ల సంగతేమిటి?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఖరగ్‌పూర్ వచ్చి, వర్క్‌షాపులోనూ లైన్లోనూ పనిచేసి ఇక్కడే స్థిరపడ్డాయి. నైట్ డ్యూటీ చేసి వచ్చినవాణ్ణి పగలు లేపకూడదన్న మర్యాద ఖరగ్‌పూర్‌లోని మలంచా ఇళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మర్యాద ఆసుపత్రి సిస్టర్లకు ఎందుకు దక్కలేదు? కోవిడ్ ఏళ్లు మిగిల్చిన ప్రశ్న ఇది.

2020 మార్చి 22న వైద్య సిబ్బంది కోసం దేశమంతా చప్పట్లు కొట్టింది. ఏప్రిల్‌లో ఢిల్లీ వెళ్లొచ్చిన ఖరగ్‌పూర్ రైల్వే రక్షక దళం (ఆర్‌పీఎఫ్) జవాన్లలో కోవిడ్ బయటపడింది. భయం రైల్వే కాలనీల గుమ్మాల్లోకి వచ్చేసింది. ఏప్రిల్ 22న, వైద్య సిబ్బందిపై దాడి చేస్తే అయిదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అంటూ కేంద్రం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. చప్పట్లు కొట్టి అప్పటికి సరిగ్గా నెల.

మే నెలలో కలకత్తా ప్రైవేటు ఆసుపత్రుల నుంచి 185 మంది మణిపూర్ నర్సులు ఉద్యోగాలు వదిలి ఇంటిదారి పట్టారు. ఒడిశా, త్రిపుర, జార్ఖండ్ అమ్మాయిలూ వెళ్లిపోయారు. వీధిలో అవమానాలు, చాలని రక్షణ దుస్తులు, ఇంటి దగ్గర కన్నవాళ్ల బెంగ వాళ్లను నిలవనివ్వలేదు.

ఉండిపోయినవాళ్ల కష్టం వేరు. పీపీఈ కిట్ వేసుకుంటే గంటల తరబడి మంచినీళ్లు లేవు, బాత్‌రూముకు వెళ్లే వీలు లేదు. నెలసరి రోజుల్లో ఆ బాధ చెప్పనలవి కాదు. ఇంటికి చేరినా పసిబిడ్డను ఎత్తుకోవాలంటే భయం. పైగా బెంగాల్‌లో లోకల్ రైళ్లు 2020 నవంబర్ 11 దాకా నడవలేదు. 2021 మేలో మళ్లీ ఆగి అక్టోబర్ ఆఖరుకు గానీ కదల్లేదు. పల్లె నుంచి వచ్చే నర్సుకు ఆసుపత్రి చేరడమే ఒక డ్యూటీ అయింది.

ఈ కష్టం కోవిడ్‌తో పుట్టలేదు. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. సెలవుల కోసం మరో ముప్పై శాతం అదనం. వారానికి 40 గంటల పని, ఇల్లు, రాకపోకలకు బండి, బిడ్డలకు క్రెష్ కావాలని నర్సింగ్ వృత్తిపై వేసిన సరోజినీ వరదప్పన్ కమిటీ 1989లోనే చెప్పింది. అవన్నీ అప్పుడే అమలై ఉంటే, ఒక సిస్టర్ జ్వరంతో పడుకున్న రోజున ఆమె వార్డు మరో సిస్టర్ నెత్తిన పడేది కాదు.

2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ గోడు చెప్పుకోవచ్చు. మంచి ఏర్పాటే. కానీ నిద్ర చాలని మనిషికి మాటసాయం ఒక్కటే సరిపోదు. ఖాళీలు నింపాలి, వరుస నైట్ డ్యూటీల తర్వాత సెలవు ఖాయం చేయాలి, ఆసుపత్రి దగ్గరే క్వార్టర్ ఇవ్వాలి. ఇవి ప్రభుత్వమూ రైల్వే యాజమాన్యాలూ చేయాల్సిన పనులు. నర్సుకు ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడకపోవడం, జబ్బు భయంతో ఆమెను వెలివేయకపోవడం మన వాడవాళ్ల పని. మరో మహమ్మారి వచ్చాక మొదలుపెడితే ఈ రెండూ ఆలస్యమే.