సుధేష్ణ చేసిన పని

వానలు కురియుటకై మన పెద్దలు విరాటపర్వమును చదివించెడివారు. కావున కీచకుని కథ యెఱుగని యిల్లాలు అరుదు. అయినను ఆ కథలో మన కంటబడక జారిపోవు వ్యక్తి యొకతె కలదు. ఆమె కీచకుని తోబుట్టువైన సుధేష్ణ. సైరంధ్రి వలదని వేడుకొన్నను, మద్యము తెమ్మను నెపమున ఆమెను కీచకుని యింటికి పంపినది సుధేష్ణయే. దుర్బుద్ధి కీచకునిదే, దానికి వాకిలి తెఱచినది మాత్రము అంతఃపురము.

గడచిన దసరాకు, హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్న మా మరిది అచ్చంపేటకు వచ్చెను. భోజనములైన పిదప వసారాలో కూర్చుండి, తన స్నేహితుడొకడు తోటి విద్యార్థినిని హాస్టలు గేటు నుండి బస్‌స్టాపు వఱకు ఆఱు నెలలుగా వెంబడించుచున్న సంగతి వినోదముగా చెప్పెను. ఆ పిల్ల రెండుమార్లు వలదన్నదట. “ఆడపిల్లలు మొదట గట్లనే అంటరు వదినా, సినిమాల్ల సూడలేదా?” అనెను. మా అత్తగారు నవ్విరి. మేమును నవ్వితిమి. మా వారు పత్రిక నుండి తల యెత్తలేదు.

ఆ వారములోనే మా వీధిలోని యొక డిగ్రీ విద్యార్థినిని తండ్రి చదువు మాన్పించెను. అదే కాలేజీలో పై తరగతి కుఱ్ఱవాడొకడు బస్సులో వెంటబడి, ఫోను నంబరు సంపాదించి, రాత్రులు సందేశములు పంపుచుండెనట. తల్లి మాతో చెప్పుకొని కన్నీరు పెట్టుకొనగా మా నోట వచ్చిన మొదటి మాట, “పిల్లను ఒక్కదాన్నే ఎందుకు పంపినవు?” అని. ఆమె బదులాడక కొంగుతో మొగము తుడుచుకొని లేచిపోయెను. మా వసారాలోని నవ్వునకు, ఆ యింటి యేడుపునకు సంబంధమున్నదని ఆ రాత్రి వఱకు మాకు తట్టలేదు.

ముల్లు అరిటాకుపై బడినను, అరిటాకు ముల్లుపై బడినను చిరుగునది అరిటాకేయని మన తల్లులు మనకు చెప్పిరి. మనము కూతుండ్రకు చెప్పుచున్నాము. ముల్లుతో ఎవరు మాటాడిరి? కీచకుడు చచ్చిన పిదప ఉపకీచకులు ఆ చావునకు సైరంధ్రియే కారణమని ఆమెను శవముతోపాటు కాల్చబోయిరి. మేము ఆ తల్లిని అడిగిన ప్రశ్న వారు పేనిన త్రాటిలోని పోచయే.

మఱునాడు మా మరిది పెట్టెలో ఒక పాఠ్యపుస్తకము కనబడెను. హైదరాబాదులోని అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రమువారు కూర్చగా, 2015లో తెలుగు అకాడమీ ప్రచురించినది. జె.ఎన్.టి.యు. తన ఇంజనీరింగు కాలేజీలలో దానిని ప్రవేశపెట్టినది. ఇంగ్లీషునను తెలుగునను ఉన్నది. ఆడువారుగను మగవారుగను పిల్లలను తీర్చిదిద్దు పెంపకము, లెక్కకు రాని యింటిచాకిరి, లైంగిక వేధింపు, సమానులుగా కలసి మెలగుట, ఇవి యందలి విషయములు. “దానికి క్రెడిట్లు లేవు వదినా, ఎవడు సదువుతడు?” అనెను. పుటలు అంటుకొనియే యుండెను. మా తండ్రిగారి యరుగుపై భారతము చదివిన మాకు ఏనాడును క్రెడిట్లు లేవు గనుక, మేమే చదివితిమి.

పిదప అతనిని కూర్చుండబెట్టితిమి. “నీ అక్కకే యిట్లు జరిగిన?” అని అడుగబోయి మానితిమి. అక్క కాని పిల్లను వెంటాడవచ్చునా? కావున వేఱొకటి అడిగితిమి: “ఆమె నిజముగా వద్దనుకొన్నచో, ఏ మాటతో చెప్పిన మీకు తెలియును?” అతడు చాలసేపు మిన్నకుండెను.

2008 డిసెంబరులో వరంగల్లున, తన్ను కాదన్నదను కక్షతో ఒకడు తోడివారితో కలసి ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోసెను. వారిలో నొకతె ఆ నెలలోనే మరణించెను. నిందితులు మువ్వురును పోలీసు కాల్పులలో చచ్చిరి. జనము పండుగ చేసికొనిరి. కాదన్న పిల్లను వెంటాడుట ప్రేమయను మాట మాత్రము చావలేదు; పదునేడేండ్లకు పైబడియు మా వసారాలో నవ్వించుచునే యున్నది.

చట్టము మాత్రము మారినది. అయిష్టము తెలిపిన స్త్రీని పదేపదే వెంబడించుట, సంప్రదింప యత్నించుట 2013 నుండి ప్రత్యేక నేరము. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. మొదటిమారు మూడేండ్ల వఱకు, మరల చేసినచో ఐదేండ్ల వఱకు ఖైదు. యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారము ప్రతి కాలేజీలోను ఫిర్యాదుల సంఘముండవలెను. మూడు నెలలలో ఫిర్యాదు చేయవలెను; తొంబది దినములలో విచారణ ముగియవలెను. పిల్ల చదువు మాన్పింపుమని యెందును లేదు.

దీపావళికి మరిది ఫోను చేసెను. స్నేహితునితో మాటాడెనట, వాడు పలుకుట మానెనట, గదిలోనివారు ఇతనిని ఆడంగియని యెగతాళి చేయుచున్నారట. మా అత్తగారు ఫోను లాగికొని, “పోనీ తియ్యి, అన్నం తిన్నవా?” అనిరి. ఈ మారు నవ్వలేదు.

వీధిలోని ఆ తల్లి వద్దకు వెళ్లి మా మాటకు క్షమాపణ చెప్పుకొంటిమి. తండ్రి యింకను ఒప్పుకొనలేదు. ఆమె మాత్రము గోడనున్న క్యాలెండరు దింపి, చివరి సందేశము వచ్చిన నాటి నుండి నెలలు లెక్కించి, గడువు తీరు తేదీ చుట్టును పెన్సిలుతో గీత గీచికొనినది.