జీతంలోంచి పిల్లల వాటా

తల్లిదండ్రులు విడిపోయి వేరువేరు ఇళ్లలో ఉంటున్నప్పుడు పిల్లల పోషణకు ఎవరు ఎంత ఇవ్వాలో తేల్చి, ఆ డబ్బు నెలనెలా పిల్లలున్న ఇంటికి చేర్చే పనిని అమెరికాలో ప్రభుత్వ కార్యాలయాలు చేస్తాయి. కాలిఫోర్నియాలో ఆ పని కౌంటీది. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా. అక్కడ కేసును మొదటి దరఖాస్తు నుంచి చివరి వాయిదా దాకా నడిపే ఉద్యోగిని చైల్డ్ సపోర్ట్ స్పెషలిస్ట్ అంటారు. లా డిగ్రీ అక్కర్లేదు. కౌంటీ పెట్టే పరీక్ష, ఆ తర్వాతి శిక్షణ చాలు. ఒక్కొక్కరి చేతిలో వందల కేసులుంటాయి.

ఈ వ్యవస్థకు మూలం 1975 జనవరిలో ఆమోదం పొందిన సమాఖ్య చట్టం. నిర్వహణ ఖర్చులో 66 శాతం కేంద్రమే భరిస్తుంది. కాలిఫోర్నియాలో మొదట్లో ఈ కేసులు నేరాలను విచారణకు తెచ్చే డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయాల్లో ఉండేవి. 1999లో శాసనసభ చట్టం చేసి, వాటిని అక్కడి నుంచి తప్పించి ప్రత్యేక కౌంటీ శాఖలకు అప్పగించింది. బాకీపడ్డ తండ్రిని ముద్దాయిగా చూసే చోటు నుంచి, అతనితో కూర్చుని మాట్లాడగలిగే చోటుకు కేసు మారింది. ఈ ఉద్యోగం స్వభావాన్ని మలిచిన మార్పు అదే.

దరఖాస్తు తల్లి పెట్టుకోవచ్చు, తండ్రి పెట్టుకోవచ్చు. ఆ కుటుంబం ప్రభుత్వ నగదు సాయం తీసుకుంటుంటే కేసు దానంతటదే వస్తుంది. స్పెషలిస్ట్ ఎవరి తరఫునా వాదించరు, న్యాయసలహా ఇవ్వరు. అవతలి వ్యక్తి ఆచూకీ తెలియకపోతే కొత్తగా ఉద్యోగంలో చేరినవారి జాతీయ జాబితాలో వెతుకుతారు. పెళ్లికాని జంట అయితే ముందు పితృత్వం తేలాలి. ఇద్దరూ సంతకం చేసే ప్రకటన చాలు, వివాదముంటే జన్యు పరీక్ష. ఇంట్లో హింస జరిగిందని తెలిస్తే చిరునామా అవతలివారికి తెలియకుండా కాపాడతారు. కాగితాలు అందిన 30 రోజుల్లో జవాబివ్వకపోతే, ఆ వ్యక్తి లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. అందుకే మంచి స్పెషలిస్ట్ కాగితాలు పంపి ఊరుకోరు, ఫోన్ చేసి పిలుస్తారు.

మొత్తం ఎంతో చివరికి కోర్టే ఆదేశిస్తుంది. లెక్క మాత్రం రాష్ట్ర చట్టంలోని సూత్రం ప్రకారం నడుస్తుంది. ఇద్దరి నికరాదాయాలు, బిడ్డ ఎవరి దగ్గర ఎంత శాతం సమయం గడుపుతున్నదీ అందులో ముఖ్యం. ఇద్దరు పిల్లలుంటే ఒక బిడ్డకు వచ్చే మొత్తాన్ని 1.6తో, ముగ్గురుంటే 2తో హెచ్చిస్తారు. సూత్రం సరైనదే అయినా అందులో వేసే అంకె తప్పయితే ఫలితం తప్పుతుంది. రోజుకూలీ చేసేవాడికి, అద్దె కారు నడిపేవాడికి స్థిరమైన జీతం ఉండదు. ఆదాయాన్ని ఊహించి రాసేస్తే, అతను ఎన్నటికీ కట్టలేని ఆదేశం తయారవుతుంది. అలాంటి ఆదేశం బిడ్డకు అన్నం పెట్టదు, కాగితం మీద బాకీ మాత్రం పెంచుతుంది.

వసూళ్లలో అత్యధిక భాగం జీతం నుంచే వస్తుంది. యజమాని నేరుగా మినహాయించి పంపుతాడు. పన్నులు పోగా మిగిలిన దాంట్లో, పరిస్థితిని బట్టి 50 నుంచి 65 శాతానికి మించి కోయకూడదన్నది సమాఖ్య పరిమితి. బాకీ 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఆగుతుంది. పన్ను వాపసును పట్టుకోవచ్చు, లైసెన్సులను నిలిపేయవచ్చు. అయితే డ్రైవింగ్ లైసెన్సు పోతే పనికి వెళ్లే దారే మూసుకుపోతుంది. దీన్ని గుర్తించిన కాలిఫోర్నియా, తక్కువ ఆదాయం ఉన్నవారి డ్రైవింగ్ లైసెన్సులకు 2025 నుంచి రక్షణ కల్పించింది.

ఉద్యోగం పోయినవాడు సిగ్గుపడో భయపడో ఆఫీసుకు ఫోన్ చేయడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. 1986 నాటి సమాఖ్య సవరణ ప్రకారం, గడువు దాటిన బాకీని తర్వాత జడ్జి కూడా తగ్గించలేడు. మార్పు కోరుతూ పిటిషన్ వేసి, అవతలివారికి నోటీసు అందిన నాటి నుంచే కొత్త మొత్తం వర్తిస్తుంది. నెలకు 700 డాలర్లు కట్టాల్సిన వ్యక్తి ఎనిమిది నెలలు మౌనంగా ఉంటే 5,600 డాలర్లు మీద పడతాయి, దానిమీద ఏటా 10 శాతం వడ్డీ. మొదటి నెలలోనే పలకరించి పిటిషన్ వేయించిన స్పెషలిస్ట్ ఆ కుటుంబానికి చేసిన మేలు ఏ జప్తు నోటీసూ చేయలేదు. డబ్బు అందక అద్దె కట్టలేని తల్లి కోపాన్ని కూడా అదే ఉద్యోగి, అదే రోజు, ఓపికగా వినాలి.

బిడ్డకు 18 ఏళ్లు నిండితే సాధారణంగా చెల్లింపు ఆగుతుంది. ఇంకా హైస్కూల్లోనే చదువుతుంటే 19 దాకా సాగుతుంది. పాత బాకీ మాత్రం ఆ తర్వాత కూడా నిలిచే ఉంటుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకూ ఇవే నియమాలు. కట్టాల్సినవారు వేరే రాష్ట్రానికి మారినా ఆదేశం వెంట వెళ్తుంది. హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొస్తే మాత్రం చిక్కు. పోషణ వసూలుపై 2007 నాటి హేగ్ ఒప్పందం అమెరికాలో 2017 నుంచి అమల్లో ఉంది, భారత్ అందులో చేరలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద ఏయే దేశాల తీర్పులను ఇక్కడ నేరుగా అమలు చేస్తారో ఆ జాబితాలో అమెరికా లేదు. ఇక్కడ మనోవర్తి కోసం తల్లే కోర్టు మెట్లెక్కాలి. అందుకు ఆధారమైన పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144గా మారింది. వాయిదాలకు తిరగడం, అతని ఆదాయానికి రుజువులు వెతకడం, ఆదేశం వచ్చాక డబ్బు రాకపోతే మళ్లీ పిటిషన్ వేయడం, అన్నీ ఆమె పనులే. కౌంటీలో వీటికోసం జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఉంటారు.