యూజబిలిటీ టెస్టింగ్

వెబ్‌సైట్‌ను వాడేవాళ్ల చేతికే ఇచ్చి, ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని గమనించే పద్ధతి ఇది. ‘సైటు బాగుందా?’ అని అడగరు. ‘ఫలానా పరిశోధన వ్యాసం వెతికి తెరవండి’ అని పని అప్పగిస్తారు. చేస్తున్నంతసేపూ మనసులో అనుకుంటున్నది పైకి చెప్పమంటారు.

విశ్వవిద్యాలయ లైబ్రరీ సైటునే ఉదాహరణగా తీసుకోండి. న్యూజెర్సీలో తెలుగువారు బాగా స్థిరపడిన ఎడిసన్‌కు ఆనుకునే 1766 నాటి రట్గర్స్ విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎమ్మెస్‌కు వచ్చిన కుర్రాడు ఇలాంటి చోట లైబ్రరీ సైటు తెరిస్తే డేటాబేసులు, రిజర్వులు, ఇంటర్‌లైబ్రరీ లోన్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. చివరిది మరో గ్రంథాలయం నుంచి పుస్తకం తెప్పించే సేవ, విద్యార్థికి సాధారణంగా ఉచితం. డబ్బు కట్టాలేమోనని భయపడితే నొక్కనే నొక్కడు!

ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. ఖర్చుకు వెనకాడే లైబ్రరీలకు ఇది ఊరట. అయితే ఆ ఐదుగురూ అమెరికాలోనే చదువుకున్నవాళ్లయితే మనవాడి ఇబ్బంది ఎవరికి తెలుస్తుంది? వాడే తీరు వేరైన రెండు బృందాలుంటే ఒక్కోదాని నుంచి ముగ్గురు నలుగురిని పిలవమని ఆయనే అన్నాడు.

పిలిచినా మొహమాటం అడ్డొస్తుంది. పరీక్ష తమకేననుకుని తప్పు తమమీదే వేసుకునేవాళ్లుంటారు. పైగా తెలుగులో తోచింది ఇంగ్లీషులో చెబుతూ మౌస్ కదపడం తేలిక కాదు. అందుకే ముందు మౌనంగా పని కానిచ్చి, తర్వాత స్క్రీన్ రికార్డింగ్ చూపిస్తూ మాట్లాడించే పద్ధతీ ఉంది.