రెండు పట్టీలు, ఒకే జన్యువు

ఆర్.ఎన్.ఏ.ను జెల్‌లో పరిమాణము చొప్పున వేరుచేసి, పొరపైకి దించి, ప్రోబ్‌తో గుర్తించు నార్తర్న్ బ్లాట్ పద్ధతి 1977లో వెలువడినది. అందులో రెండు పట్టీలు కనబడగానే మన విద్యార్థులు "రెండు జన్యువులు" అని వ్రాయుదురు. ఇది తొందరపాటు. ఎక్సాన్లనబడు ఖండములను కణము పలువిధములుగా కూర్చగలదు.

ఎలుకలోని కాల్సిటోనిన్ జన్యువునే చూడుడు. థైరాయిడ్‌లో నాల్గవ ఎక్సాన్ నిలిచి కాల్సిటోనిన్ సందేశమగును. మెదడులో అది తొలగి, ఐదు, ఆరు చేరి, సి.జి.ఆర్.పి. అను వేరొక పెప్టైడు సందేశమగునని 1982లో ప్రకటించిరి. ఉమ్మడి ఎక్సాన్ ప్రోబ్ రెండుచోట్లను పట్టీ చూపును. నాల్గవదాని ప్రోబ్‌కు మెదడు వరుస దాదాపు ఖాళీ. అంతమాత్రమున జన్యువు నిద్రించుచున్నదనరాదు.

పరిమాణములు సమీపించినచో రెండు రూపములు ఒకే పట్టీగా కలిసిపోవును కూడ. అప్పుడు అదే పొరను ఒక్కొక్క ఎక్సాన్ ప్రోబ్‌తో మరల పరీక్షింపవలెను.