తపాలా సంచిలో అమానతు

మనుషుల్లో ఉత్తముడెవరని ఒకరు అడిగితే, ఆయుష్షు దీర్ఘమై ఆచరణ మంచిదైనవాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆయుష్షు అల్లాహ్ ఇచ్చేది. ఆ రోజుల్ని మనం దేనితో నింపామన్నదే రేపు లెక్కకొచ్చేది. ఈ హదీసు విన్నప్పుడల్లా మనకు పండితులు, దాతలు గుర్తుకొస్తారు. గోదావరి డెల్టా పల్లెల్లో తెల్లవారకముందే చేనుకు నీరు పెట్టుకొని, పొద్దెక్కాక భుజాన తపాలా సంచి తగిలించుకొని, దశాబ్దాలపాటు అవే గట్ల మీద తిరిగిన ముసలాయన మాత్రం గుర్తుకు రాడు. ఈ శుక్రవారం ఆయన్ని తలచుకొందాం.

హర్కారాల వారసుడు

టపా మోసే పనికి మన చరిత్రలో గొప్ప స్థానమే ఉంది. హజ్రత్ ముఆవియా పాలనలో (661-680) 'బరీద్' పేరుతో తపాలా ఏర్పాటు మొదలైంది. 1333లో హిందూస్థాన్ చేరిన యాత్రికుడు ఇబ్నె బతూతా ఇక్కడి కాలినడక టపాను చూసి అబ్బురపడ్డాడు. మైలుకు మూడు మజిలీలు ఉండేవి. హర్కారా ఒక చేత ఉత్తరం, మరో చేత గంటలు కట్టిన కర్ర పట్టుకొని పరుగుతీసేవాడు. ఆ చప్పుడు వినగానే తరువాతి మజిలీవాడు సిద్ధమయ్యేవాడు. గుర్రపు టపాకన్నా ఇదే వేగమని ఆయన రాశాడు.

మన డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట 1847-52 మధ్య కట్టారు. ఆపైన కాలువలు పల్లె పల్లెకూ నీటినీ, పడవల్నీ తెచ్చాయి. కాలువ గట్టే బాట అయింది. లంక గ్రామాలకు మాత్రం రేవు దాటాల్సిందే. ఎండైనా వానైనా ఆ సంచి రేవు దాటేది.

రైతు అయితేనే ఉద్యోగం

ఈ ఉద్యోగంలో ఒక విచిత్రమైన షరతు ఉండేది. పల్లె తపాలా మనిషిని 'ఈడీ' అనేవారు. అంటే శాఖకు బయటివాడని అర్థం. 1964 నాటి నిబంధనల ప్రకారం ఈ పనిలో చేరేవాడికి వేరే జీవనాధారం ఉండాలి. పని రోజుకు అయిదు గంటలకు మించదని లెక్క. అందుకే డెల్టాలో టపా మనిషి చాలాచోట్ల రైతు కూడా. సార్వా నాట్లప్పుడు, దాళ్వా కోతలప్పుడు రెండు పనులూ ఒకేసారి మీద పడేవి. కాగితం మీద అయిదు గంటలైనా, ఊళ్లో వాళ్లకు ఆయన రోజంతా టపా మనిషే. పొలంలో ఉన్నా సరే, "మావయ్యా, మా వాడి దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?" అని గట్టు మీది నుంచే అడిగేవారు.

1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమను ఊడ్చేసింది. వరి పోయింది, కొబ్బరి చెట్లు నేలకూలాయి. అలాంటప్పుడు టపా మనిషి కూడా నష్టపోయిన రైతే. అయినా దూరాన ఉన్న బిడ్డలు క్షేమం అడుగుతూ రాసిన ఉత్తరాలు ఎవరో ఒకరు ఇంటింటికీ చేర్చాలి గదా! ఒకడు మొక్క నాటితే దాని నుంచి మనిషో, పక్షో, పశువో తిన్నదంతా అతనికి దానంగా రాయబడుతుందని హదీసు చెబుతోంది. చేను పండించిన పుణ్యం, కబురు చేర్చిన పుణ్యం రెండూ దక్కాల్సిన మనిషి ఆయన.

రహస్యం కాపాడిన నోరు

అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో (సూరా నిసా, 58) అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆదేశించాడు. అమానతు అంటే డబ్బు ఒక్కటే కాదు, మాట కూడా. కువైట్, దుబాయ్, మస్కట్‌లకు పనికి వెళ్లినవారి ఉత్తరాలు వచ్చే రోజుల్లో చదువురాని తల్లులు టపా మనిషి చేతనే చదివించుకొనేవారు. కొడుకు అప్పులు, కూతురి కన్నీళ్లు, అల్లుడి కోపం అన్నీ ఆయన చెవిన పడేవి. పక్క వాకిట్లోకి వెళ్లేసరికి అవి ఆయన నోట ఉండకూడదు. మనియార్డరు డబ్బు లెక్కపెట్టి, వేలిముద్ర వేయించుకొని, సాక్షి సంతకం తీసుకొని ఇవ్వాలి. చదువురాని ముసలమ్మను మోసగించడం ఎంత తేలికో ఆలోచించండి. అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక ఉన్నవాడే అక్కడ నిలబడగలడు.

ఆ మనిషి చాలా ఊళ్లలో ముస్లిం కాడు. అయితేనేం? హిజ్రత్ రాత్రి దైవప్రవక్త (స) తనను వెళ్లగొట్టదలచిన మక్కావాసుల అమానతుల్ని సైతం హజ్రత్ అలీ (ర) ద్వారా తిరిగి ఇప్పించారు. ఆ ప్రయాణంలో దారి చూపే పని అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌కు అప్పగించారు. అప్పటికతను ముస్లిం కాడు. నమ్మకస్తుణ్ణి నమ్మడం, గౌరవించడం మన ప్రవక్త (స) సున్నత్.

చెమట ఆరకముందే...

కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది ప్రవక్త (స) ఆదేశం. ఈ విషయంలో టపా మనిషి కథ బాధాకరం. ఈడీలవి సివిల్ పోస్టులేనని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. అయినా మిగతా ప్రభుత్వోద్యోగులకు వచ్చే పింఛను వారికి రాలేదు. 2001లో 'గ్రామీణ డాక్ సేవక్' అని పేరు మారింది. విరమణ తరువాత కొంత మొత్తం అందే కొత్త పథకం 2011లో వచ్చింది. అంతకుముందే 65 ఏళ్లు నిండి సంచి దించినవారికి చివరికి మిగిలింది ఆ కాస్త చేనే. చేను కూడా లేనివారి సంగతి చెప్పనక్కరలేదు.

తంతి 2013లో మూగబోయింది. ఉత్తరాల స్థానంలో ఫోన్లు వచ్చాయి. 2018లో మొదలైన తపాలా చెల్లింపుల బ్యాంకుతో నేటి డాక్ సేవక్ వాకిట్లోనే వేలిముద్ర తీసుకొని డబ్బు ఇస్తున్నాడు. పరికరం మారినా, అమానతు అదే.

మీ ఊళ్లో సంచి దించేసిన అలాంటి పెద్దాయన ఉంటే, ఈ రోజు జుమా నమాజు ముగిశాక పిల్లల్ని వెంటబెట్టుకొని ఒకసారి ఆయన ఇంటికి వెళ్లండి. కళ్లు సరిగా కనపడకపోతే ఆయన కాగితాలు మీరు చదివి పెట్టండి. బ్యాంకుకు తోడు వెళ్లండి. మన అమ్మమ్మల ఉత్తరాలు చదివి పెట్టినవాడికి మనం చేయవలసిన పని ఇది. దీర్ఘాయుష్షుతో పాటు మంచి ఆచరణను కూడా అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.