ఇప్పసారా రుచికి కొలబద్ద ఏది?

రాయ్‌పూర్: ద్రాక్షసారాను గాజుపాత్రలో తిప్పి, వాసన చూసి, నాలుకపై నిలిపి మార్కులు వేసే నిపుణులు దేశదేశాల్లో ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ అడవుల ఇప్పసారాను అలా రుచి చూసి తీర్పు చెప్పే సంప్రదాయం పట్టణాల్లో ఇంకా పాదుకోలేదు. నాటుసారా అన్న ఒక్క మాటతో దానిని పక్కన పెట్టడమే అక్కడ అలవాటు.

పల్లెల్లో పరీక్షలు లేకపోలేదు. నిప్పు చూపితే మండే సారాను ఘాటైనదిగా లెక్కిస్తారు. అయితే మంట తెలిపేది ఘాటును మాత్రమే, రుచిని కాదు. రుచి నిర్ణయమయ్యేది చెట్టు కిందనే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందు రాలే పువ్వును ఏరుకునేందుకు వీలుగా ఆకులు తగులబెడితే పొగవాసన అంటుతుంది. నేలపై ఏరితే ఇసుక చేరుతుంది. సరిగా ఎండనిది బూజు పడుతుంది. చెట్టు కింద వల కట్టి పట్టిన పువ్వుకు ఈ బెడదలు తక్కువ. ఎండుపువ్వులో సగానికి పైగా చక్కెరే కనుక నానబెడితే తేలికగా పులుస్తుంది. బట్టీలో మొదట దిగే చుక్కలను పారబోయడం రుచికే కాక ప్రాణానికీ మంచిది.

ఇటలీలో ద్రాక్షపిప్పి నుంచి తీసే గ్రాప్పా సైతం ఒకప్పుడు రైతుకూలీల పానీయమే. 1973లో నొనినో కుటుంబం పికొలిట్ అనే అరుదైన ద్రాక్షరకం పిప్పిని విడిగా బట్టీ పట్టింది. ఏ రకం నుంచి వచ్చిందన్న ప్రశ్న మొదలయ్యాక గ్రాప్పా హోదా పెరిగింది.

ఇప్పసారా చరిత్ర ఇందుకు భిన్నం. బొంబాయి ప్రభుత్వం 1892లో చట్టం చేసి పువ్వు నిల్వపైనే ఆంక్షలు పెట్టింది. ఆబ్కారీ ఆదాయమే అసలు లక్ష్యమని వేరే చెప్పనక్కరలేదు. సీసాలకెక్కే ప్రయత్నాలు ఇటీవలివి. చిత్తూరు జిల్లాలో కిత్తనార జాతి మొక్క నుంచి మద్యం తీసిన సంస్థ 2018లో గోవా విపణిలో ఇప్పసారాను ప్రవేశపెట్టింది. దానిని వారసత్వ మద్యంగా అమ్మిస్తామని 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది.

ఛత్తీస్‌గఢ్ పువ్వు అమ్మకంపైనే దృష్టి పెట్టింది. 2020లో ఎండుపువ్వు సేకరణ ధరను కిలోకు 30 రూపాయలు చేసింది. 2021లో కోర్బా ప్రాంతపు ఎండుపువ్వు ఓడలో ఫ్రాన్స్‌కు వెళ్లింది. సారా సంగతి వేరు. గిరిజన కుటుంబాలు ఇంటి అవసరాలకు, పూజలకు పరిమితంగా కాచుకోవచ్చు. లైసెన్సు లేకుండా గుమ్మం దాటించి అమ్మితే కేసే.